పైడిరాజు అప్పగింతలు

విశ్వంభరయ్య గారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన ముందు చెప్పుల కోసం వెతుక్కునేవారు. కూర్చుని వాదించే అలవాటు ఆయనకు లేదు. జవాబు ఊళ్లో ఎక్కడో ఉంటుందని, అక్కడిదాకా నడిచి వెళ్లడమే మన వంతని ఆయన నమ్మకం. ఆయన మాటలు వినడానికి ఆదివారం పొద్దున చంపావతి నది ఒడ్డున ఆయన పెంకుటింట్లో చేరే మా అందరికీ ఇది తెలుసు.

మాలో పైడిరాజు ఒకడు. జూట్ మిల్లులో చాలాకాలం పనిచేశాడు. మిల్లు మూతపడ్డాక మార్కెట్‌లో మూటలు మోశాడు, ఇటుక బట్టీకి వెళ్లాడు, ఇంకొకరి ఆటో తోలాడు. ఏదీ నిలవలేదు. ఇప్పుడు ఇల్లు అతని భార్య వరహాలమ్మ ఇడ్లీ బండి మీద నడుస్తోంది. ఎనిమిదో తరగతి చదివే కూతురు లావణ్య, పక్షవాతంతో మంచం పట్టిన తండ్రి సత్తెయ్య. ఇదీ అతని కుటుంబం.

ఒక ఆదివారం అందరూ లేచి వెళ్లిపోయినా అతను కదల్లేదు. పక్కన చిన్న బట్టల సంచీ ఉంది. నేను చాపలు చుడుతూ ఉండగా అడిగాడు.

"అయ్యా, సంపాదన లేని మగాడు ఇంట్లో ఎందుకు? నన్ను ఇక్కడే ఉండనివ్వండి. మొక్కలకు నీళ్లు పోసుకుంటూ పడుంటాను. అక్కడ ఒక నోరు తగ్గుతుంది."

అతని గొంతులో కోపం గానీ ఏడుపు గానీ లేవు. బాగా ఆలోచించి తేల్చుకున్న మనిషి నిదానం ఉంది. కోపంగా అని ఉంటే అంత భయపడేవాణ్ణి కాదని విశ్వంభరయ్య గారు తర్వాత నాతో అన్నారు. అప్పుడు మాత్రం మామూలుగానే తలూపారు.

"అలాగే ఉండు. కాని పని మానుకునేవాడు ఆ పని ఇంకొకరికి అప్పగించి మరీ వస్తాడు కదా. ఇంట్లో నువ్వు చేసేవి ఎవరికో ఒకరికి అప్పగించి రా."

"నేను చేసేదేముందయ్యా?"

"ఏమీ లేకపోతే మరీ మంచిది, త్వరగా తెములుతుంది. పద, సాక్షిగా నేనూ వస్తాను." నన్ను కూడా రమ్మని సైగ చేసి, ఆయన చెప్పులు తొడుక్కున్నారు.

మేం వెళ్లేసరికి వరహాలమ్మ బండి కట్టేసి వచ్చి వాకిట్లో ఇడ్లీ రేకులు తోముతోంది. అయ్యవారిని చూసి గబగబా చేతులు కడుక్కుని కుర్చీ వేసింది. పైడిరాజు నిలబడే, నేల చూస్తూ, తాను వచ్చిన పని చెప్పాడు. ఆమె మొహం ఒక్కసారి ఎర్రబడింది. అయినా అరవలేదు.

"ఒక నోరు తగ్గితే పిడికెడు బియ్యం మిగుల్తాయి. ఆ బియ్యం మా గొంతు దిగొద్దా?" అంది. తర్వాత కొంగుతో చెయ్యి తుడుచుకుని, "సరే, అప్పగించు. మీ నాన్నతో మొదలెట్టు. పొద్దున్నే ఆయన్ని లేపి, ఒళ్లు కడిగి, బట్ట మార్చి కూకోబెట్టాలి. ఎవరికి అప్పగిస్తావు?" అని అడిగింది.

"నువ్వు..."

"ఆ వేళకి నాను బండి కాడుంటాను. ఇంటికాడ నువ్వున్నావన్న ధీమాతోనే కదా, ఆ బండి తోసుకెళ్తన్నాను! నువ్వెల్లిపోతే నాను ఎల్లగలనా?"

పైడిరాజు తలెత్తి ఆమెను చూశాడు. ఈ సంగతి అతనికెన్నడూ తట్టినట్టు లేదు.

అంతలో లోపలి నుంచి సత్తెయ్య ఏదో అన్నాడు. జబ్బు చేసినప్పటి నుంచి ఆయన నాలుక తిరగదు. నాకు అది వట్టి మూలుగులా వినబడింది. లావణ్య గుమ్మంలోకి వచ్చి, "నాన్నా, తాత ఏటంతన్నాడు?" అని అడిగింది. వరహాలమ్మ కూడా మొగుడి వైపే చూసింది.

"ఎదర తలుపు తియ్యమంటన్నాడు. ఎవరొచ్చారో చూస్తాడంట," అన్నాడు పైడిరాజు. అంటూనే లోపలికి వెళ్లి తలుపు బార్లా తీసి, తండ్రి చంకల కింద చేతులు వేసి పైకి జరిపి, వీపు వెనక దిండు సర్ది, పెదవి చివర తడి తుడిచాడు. ముసలాయన అయ్యవారిని చూసి బాగున్న చేతిని నుదుటికి తాకించాడు.

"ఇదెవరికి అప్పగిస్తావు?" అంది వరహాలమ్మ గుమ్మంలోంచి. "ఆయన మాట నీకు తప్ప మాకెవరికీ తెల్దు. నువ్వెల్లిపోతే ఆయన మూగోడయిపోతాడు."

సత్తెయ్య అంతా విన్నాడు. కొడుకు చెయ్యి పట్టుకుని మళ్లీ ఏదో అన్నాడు, చాలాసేపు, ఆగి ఆగి. ఈసారి పైడిరాజు మాకు తిరిగి చెప్పలేదు. మంచం కోడు పట్టుకుని కింద కూలబడి, తండ్రి మోకాలికి నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. లావణ్య వచ్చి అతని పక్కనే కూర్చుంది. ఏమన్నాడని మేం అడగలేదు.

కాసేపటికి వరహాలమ్మ అందరికీ పళ్ళేలు పెట్టింది. బండి మీద మిగిలిన ఇడ్లీ, అల్లం పచ్చడి. పైడిరాజు ముందు తండ్రికి మెత్తగా చిదిపి నోట్లో పెట్టాడు. తర్వాత భార్య వైపు తిరిగి, "నువ్వు పొద్దుట్నుంచి ఏం తిన్లేదు కదే," అని తన పళ్ళెం ఆమె ముందుకు జరిపాడు. ఆమె కాదనలేదు. ఆ ఇంట్లో అంత నెమ్మదిని నేనంతకు ముందు చూడలేదు.

పైడిరాజుకు మిల్లు లాంటి ఉద్యోగం మళ్లీ దొరకలేదు. మధ్యాహ్నాలు పిండి రుబ్బడం నేర్చుకున్నాడు. కూతురు బడి నుంచి వచ్చి తాత దగ్గర కూర్చున్నాక బండిని సాయంత్రం కూడా బస్టాండుకు తోసుకెళుతున్నారు, ఇద్దరూ కలిసి. ఇబ్బందులు తీరలేదు. ఆదివారాలు మాత్రం వస్తాడు. ఏమీ అడగడు. వరహాలమ్మకీ, నాన్నకీ ఒంట్లో బాగుందని చెప్పి, నిండుగా దణ్ణం పెట్టి వెళతాడు.

ఆ రోజు తిరిగి వస్తూ నేనే ఉండబట్టలేక అడిగాను. "అయ్యా, సంపాదన లేని మగాడు ఇంట్లో ఎందుకని కదా అతని ప్రశ్న. మీరు దానికి జవాబే చెప్పలేదు."

విశ్వంభరయ్య గారు నడుస్తూనే అన్నారు: "రెండు ఇడ్లీలు తిన్నావు కదా నాయనా. అవి ఎవరి సంపాదన?"