నాలుగో బోటు పలకలేదు

మధ్యాహ్నం మూడు దాటింది. సన్నగా తుంపర పడుతోంది. తూర్పుగాలి అంతకంతకూ బలం పుంజుకుంటోంది.

వేటకు వెళ్ళినవి నాలుగు బోట్లు, బోటుకు ముగ్గురు. తుఫాను వస్తోంది, వెనక్కి రమ్మని ఒడ్డున ఉన్న కొత్త టవరు కబురు పంపింది. మూడు బోట్లు "వస్తున్నాం" అన్నాయి. నాలుగోది పలకలేదు.

ఒక తల్లి కొడుకు ఆ నాలుగో బోటులో ఉన్నాడు. అందులోని మాటల పెట్టె, అంటే వైర్‌లెస్సు, వాడి తండ్రి కొన్నది. ఇరవై ఏళ్ళుగా ఉప్పుగాలి తింటూ ఒడ్డు మాట బోటుకి, బోటు మాట ఒడ్డుకి చేరవేసింది. నిన్న పాత టవరును దించి కొత్తదాన్ని నిలబెట్టారు. ఎవరి బోటులో ఏ పెట్టె ఉందో ఎవరూ అడగలేదు.

"ఆ డొక్కు పెట్టెను సముద్రంలో పారెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను వదినా!" అన్నాడు మరిది.

"నిరుడు నీ ఇంజను ఆగిపోతే నీ కేక విన్నది ఆ డొక్కే," అంది తల్లి.

మరిది వెళ్ళి టవరు చూసుకునే మనిషిని పిలుచుకొచ్చాడు.

టవరు మనిషి తీగలు చూశాడు, బ్యాటరీ చూశాడు. "మా దగ్గర ఏ లోపమూ లేదమ్మా. తేడా అవతలే ఉంది," అన్నాడు. అని, టవరు బలం పెంచాడు. టవరు గొంతు చించుకుంది. పక్క ఊరి పెట్టెలు కూడా ఉలిక్కిపడ్డాయి. నాలుగో బోటు పలకలేదు.

"దానికి చెవుడు," అంది టవరు.

"మొన్నటిదాకా లేదే. నువ్వెలా పిలుస్తున్నావు?" అంది తల్లి.

"ఇప్పటి పద్ధతిలో. రెప్పపాటులో వెయ్యి మాటలు."

"పాత పద్ధతి రాదా?"

టవరు గొంతు తగ్గించింది. "వచ్చు. ఆ నోరు కట్టేసే నన్నిక్కడ నిలబెట్టారు."

టవరు మనిషి తల గోక్కున్నాడు. "అది విప్పితే అందరికీ నెమ్మదైపోతుందమ్మా."

"బాబూ, అలివి వల లాగడం చూశావా? ఒడ్డున నిలబడి పాతికమందిమి తాడు పట్టుకుంటాం. ముసలాడి అడుగు ఎంతో అందరి అడుగూ అంతే. కుర్రాళ్ళు ఉరికితే వల పీలికలవుతుంది."

అతను సముద్రం వైపు చూశాడు. వెళ్ళి, కట్టేసింది విప్పాడు.

టవరు ఒక్కో మాటే కూడబలుక్కుంటూ పిలిచింది. "ఏమిటీ నత్తనడక?" అని కొత్త పెట్టెలు గొణిగాయి. గొణిగినా, వాటికి అర్థమైంది.

ఒకటో పిలుపు. రెండో పిలుపు. తల్లి చీర కొంగు పిడికిట్లో నలిగిపోతోంది. మూడో పిలుపుకి టవరు దగ్గరి పెట్టె గరగరమంది.

"అమ్మా! ఇప్పుడే వినబడింది. తిప్పుతున్నాం. పొద్దుట్నుంచీ ఒడ్డున ఎవరూ లేరా ఏంటి?"

ఆమె నోరు తెరిచేలోగా టవరే జవాబు చెప్పింది, నెమ్మదిగా, "ఉన్నాం."

చీకటి పడకముందే బోట్లు ఇసుకెక్కాయి. దిగినవాళ్ళని దిగినట్టే తల్లి వీపు తట్టి లెక్కపెట్టింది. తొమ్మిది. చివరి బోటు నుంచి పది, పదకొండు. పాత పెట్టెను చంటిబిడ్డలా చంకనెత్తుకుని కొడుకు దిగాడు. పన్నెండు.

ఆమె అక్కడితో ఆగలేదు. వానలో నడుచుకుంటూ వెళ్ళి, టవరు తడి కాలి మీద అరచెయ్యి ఆనించింది.

"పదమూడు," అంది.