గురవమ్మ పీకని మొక్క

అనగనగా, ఊరంటూ లేని ఒక చోట, కొండల నడుమ ఒక పచ్చని బయలు ఉండేది. చుట్టూ అడవి. మధ్యలో మోకాలెత్తు గడ్డి. ఆ గడ్డి పక్కనే సన్నటి వాగు. తెల్లారేసరికి దుప్పులు గుంపుగా వచ్చి మేసేవి. అందుకని దాన్ని దుప్పుల బయలు అనేవాళ్ళు.

ఇటు తిరుగు తల్లీ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఆఁ, అలా.

ఆ అడవిలో చెట్టు కొట్టకూడదు, వేటాడకూడదు. సర్కారువారు కాపలా పెట్టిన అడవి అది. ఆ కాపలా పని ఇద్దరు అక్కచెల్లెళ్ళది. అక్క పేరు ఈదమ్మ, చెల్లెలి పేరు గురవమ్మ. బయలు అంచునే వాళ్ళ గుడిసెలు.

అటవీ శాఖ సారు వాళ్ళకి మరీ మరీ చెప్పాడు. "రోజూ బయలంతా తిరగండి. ఎప్పుడూ చూడని మొక్క కనిపిస్తే వెంటనే పీకేసి నాకు చెప్పండి. బయటినించి వచ్చిన మొక్కలు కొన్ని ఉంటాయి. అవి పాతుకున్నాయంటే మన గడ్డిని బతకనివ్వవు" అన్నాడు. అక్కచెల్లెళ్ళు అలాగే తిరిగేవాళ్ళు. వాళ్ళ కళ్ళు పడకుండా ఆ బయల్లో ఆకు కూడా మొలిచేది కాదు.

గురవమ్మకి పెళ్ళైన చాన్నాళ్ళకి ఒక ఆడపిల్ల పుట్టింది. అక్కచెల్లెళ్ళిద్దరూ దాన్ని నేల మీద దింపకుండా పెంచారు. ఆ పిల్ల అప్పుడప్పుడే అడుగులు వేస్తోంది, అంతలో జ్వరం తగిలింది. వాగు దాటి, కొండ దిగి, ఆసుపత్రికి మోసుకెళ్ళారు. పిల్ల దక్కలేదు.

"చచ్చిపోయిందా, అమ్మమ్మా?"

అవునమ్మా. వాగు గట్టున మద్దిచెట్టు కింద పూడ్చిపెట్టారు. ఆ తర్వాత గురవమ్మ నోట మాట లేదు. తిండి లేదు. పొద్దస్తమానం ఆ మట్టి పక్కనే కూర్చునేది. బయలంతా ఈదమ్మ ఒక్కతే తిరిగేది.

అప్పుడు వానలొచ్చాయి. ఆ మట్టి మీద ఒక మొక్క మొలిచింది. గరుకు ఆకులు. నలిపితే ఘాటు వాసన. ఈదమ్మ చూడగానే పోల్చుకుంది. అది తలంబ్రాల మొక్క. రోడ్డు పక్క ఊళ్ళల్లో కంచెలకి వేసుకుంటారు. ఏ పిట్టో విత్తనం తెచ్చి పడేసి ఉంటుంది.

"చెల్లీ, ఇది మన అడవిది కాదే. పీకెయ్యాలి" అంది ఈదమ్మ.

గురవమ్మ ఆ మొక్కకి రెండు చేతులూ అడ్డం పెట్టింది. చాలా రోజుల తర్వాత అప్పుడు నోరు విప్పింది.

"నా బిడ్డ మీద మొలిచింది అక్కా. దీన్ని పీకితే, నా బిడ్డని ఇంకోసారి పూడ్చినట్టే."

ఈదమ్మ చెయ్యి వెనక్కి వచ్చేసింది. ఆ తర్వాత సారు వచ్చి అడిగాడు, "కొత్తగా ఏమైనా కనిపించాయా?" అని. "ఏం లేవు సారూ" అంది ఈదమ్మ. ఆ మాట అంటూ తల దించుకుంది.

మొక్క పొదయింది. పూలు పూసింది. ఒకే గుత్తిలో పసుపు, గులాబీ, నారింజ. గురవమ్మ ఆ పూలకేసి చూసి కొంచెం నవ్వింది. అన్నం కూడా తింది. ఈసారి ఈదమ్మ గునపం పట్టుకుని వచ్చింది కానీ, ఆ నవ్వు చూసి చెట్టు చాటునే ఆగిపోయింది. గునపం అక్కడ పెట్టేసి, చెల్లెలి పక్కన కూర్చుంది.

"సరే, పీకను. కానీ నాకు మాటివ్వు. ఒక్క కాయ కూడా పండకూడదు. పూసిన పువ్వు పూసినట్టే తుంచెయ్యి" అంది.

"తుంచేస్తాను అక్కా" అంది గురవమ్మ. నిజంగానే తుంచేది. తుంచి ఆ మట్టి మీదే పెట్టేది.

అప్పుడు పెద్ద వాన పట్టుకుంది. వాగు పొంగింది. గుడిసెలు ఇవతల, మద్దిచెట్టు అవతల. అక్కచెల్లెళ్ళు గట్టు మీద నిలబడి చూడటమే తప్ప దాటలేకపోయారు. వారాల తర్వాత ముసురు పోయి, నీళ్ళు తగ్గి, వాళ్ళు దాటి వెళ్ళేసరికి పొదనిండా కాయలు. పండి నల్లబడ్డాయి. పిగిలిపిట్టలు వాలి తింటున్నాయి. ఈదమ్మ "హుష్, హుష్" అని అరిచింది. పిట్టలు లేచాయి. లేచి బయలు నాలుగు వైపులకీ ఎగిరిపోయాయి.

ఆ తర్వాతి వానలకి బయల్లో ఎక్కడ చూసినా ఆ గరుకు ఆకులే. అప్పుడు ఈదమ్మ సారు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. సారు తిట్టలేదు. "నాతో ఒక్క ముక్క అని ఉంటే బావుండేది, ఈదమ్మా" అన్నాడు, అంతే.

మనుషులు వచ్చి పొదలు నరికారు. నరికిన మోడు నించి రెట్టింపు చిగుళ్ళు వచ్చాయి. ఎండాకాలం నిప్పంటుకుని పొదలు కాలాయి. బూడిదలోంచి మళ్ళీ అవే లేచాయి. ఆఖరికి వేళ్ళతో సహా తవ్వడం మొదలుపెట్టారు. ఈ చివర తవ్వి ఆ చివరకి వెళ్ళేలోపు ఈ చివర మళ్ళీ మొలిచేవి. పొదల కింద గడ్డి చచ్చిపోయింది. దుప్పులు కొన్నాళ్ళు వచ్చి, ముళ్ళల్లో మూతి పెట్టి చూసి, వెళ్ళిపోయాయి. మళ్ళీ రాలేదు.

ఒకరోజు గురవమ్మ తనే కత్తీ, గునపం తీసుకుంది. మద్దిచెట్టు కిందికి వెళ్ళి, ఆ మొదటి పొదని నరికేసింది. మొదలు చుట్టూ తవ్వింది. తవ్వి, తవ్వి, ఒక్కసారిగా ఆగిపోయింది. వేరు కిందికి పోయింది. ఎక్కడికి పోయిందో ఆమెకి తెలుసు కదా.

గునపం జారిపోయింది. "అక్కా, నావల్ల కాదు" అని కూలబడింది.

ఈదమ్మ గునపం పక్కకి తోసేసింది. "నువ్వు అటు తిరుగు" అంది. మోకాళ్ళ మీద కూర్చుని, ఉత్త చేతులతో మట్టి తీసింది. పసిపిల్లకి జడ చిక్కు తీసినట్టు, మెల్లిమెల్లిగా ఒక్కో వేరూ విడదీసింది. విడదీస్తూ ఏడ్చింది. అంతా అయ్యాక మట్టి కప్పి, అరచేత్తో తట్టింది. ఇద్దరూ చీకటి పడేదాకా ఒకరినొకరు పట్టుకుని అక్కడే ఉండిపోయారు.

"మరి గడ్డి మళ్ళీ వచ్చిందా?"

లేదు బంగారం. ఆ బయలు ఇంక కోలుకోలేదు. అక్కచెల్లెళ్ళు గుడిసెలు విప్పుకుని కొండకి అవతల ఇంకో బయలుకి కాపలా వెళ్ళారు.

అక్కడ ఒకరోజు పొద్దున్నే గురవమ్మ ముందు నడుస్తోంది. గడ్డిలో ఏదో కనిపించి వంగింది. రెండే రెండు గరుకు ఆకులు, వేలెడంత మొక్క. ఆమె దాని ముందు కూర్చుని చాలాసేపు చూసింది. వెనకాల ఈదమ్మ కూడా ఆగింది. అప్పుడు గురవమ్మ రెండు వేళ్ళతో పట్టుకుని లాగింది. చప్పుడు లేదు. వేరుతో సహా చేతిలోకి వచ్చేసింది.

గురవమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని అక్క మొహంలోకి చూసింది.

"ఇంతేనా, అక్కా?"

"ఇంతేనే, చెల్లీ."

వానకేమో వాగు కావాలి,
వాగుకేమో గట్టు కావాలి,
కథకేమో కంచి కావాలి,
మా తల్లికేమో నిద్దర కావాలి.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పటి దారి పడదాం.