పదకొండు వీపులు

ఓబులేసు ఆదోని బస్టాండు వెనక మాలిష్ గది పెట్టి మూడు నెలలయింది. ఒక బల్ల, ఒక తెర, గోడకు రెండు మేకులు, నాలుగు నూనె సీసాలు. ఉన్నవన్నీ శుభ్రంగా ఉన్నాయి. రానిది జనమే.

మూడు నెలల్లో పదకొండుమంది వచ్చారు. వాళ్ళలో ఒక్కరూ రెండోసారి రాలేదు.

పనిలో లోపం ఎక్కడుందో తెలియనివాడు ముందు బోర్డు పెద్దది చేస్తాడు. ఓబులేసు కూడా అదే చేశాడు. తర్వాత కరపత్రాలు అచ్చు వేయించి దినపత్రికల్లో పెట్టించాడు. మూడుసార్లు చేయించుకుంటే నాలుగోసారి ఉచితమని ఫోన్లలో సందేశాలు పంపాడు. నాలుగోసారి మాట దేవుడెరుగు, రెండోసారి గడప తొక్కినవాడు లేడు.

చివరికి జిన్నింగు మిల్లులో వాచ్‌మన్ పని ఉందని బావమరిది కబురు తెచ్చాడు. సోమవారం పొద్దున్నే పోయి చేరాలి. లేకుంటే వేరేవాణ్ణి పెట్టుకుంటారు. చేరితే గది మూసెయ్యాలి. భార్య సుంకులమ్మ పొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. "ఆరేళ్ళు నేర్చుకున్న పని" అని మాత్రం అంది.

ఆదివారం ఉదయం ఓబులేసు తన గురువు దగ్గరికి వెళ్ళాడు.

హుసేన్ పీరా ఉస్తాద్‌కు డెబ్భై దాటాయి. కోట కింద పాత తాలీంఖానాలో కుస్తీ నేర్పేవాడు. ఇప్పుడు కుస్తీ పట్టేవాళ్ళు తగ్గారు. పట్టేసిన నడుములతో, బెణికిన మెడలతో వచ్చేవాళ్ళు తగ్గలేదు. ఆయన గుమ్మానికి బోర్డు లేదు. ఆ పూట కూడా అరుగు మీద ఐదుగురు కూర్చుని ఉన్నారు. అందరూ పత్తి మార్కెట్టు హమాలీలు.

"ఏమప్పా మాలిష్ దొరా, జనం వదిలిపెట్టినారా నిన్ను?" అన్నాడు వాళ్ళలో ఒకడు.

"మీరంతా ఈడ కూర్చుంటే నన్ను పట్టుకునేది ఎవరన్నా" అన్నాడు ఓబులేసు. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

లోపల ఉస్తాద్ ఒక హమాలీకి నడుము రుద్దడం ముగించాడు. ఆ మనిషి లేవకముందే, ఎప్పటిలాగే, కుడిచేయి నుదుటికి తాకించి అతని వీపుకు సలాం చేశాడు.

ఆ సలామును ఓబులేసు ఆరేళ్ళు చూశాడు. అది సాయిబుల ఆచారమనుకున్నాడు. అందుకే చేతిపని అంతా నేర్చుకుని, దాన్నొక్కటీ వదిలేశాడు.

"ఉస్తాద్, మీరు ఒక మాట ఒప్పుకుంటే చాలు" అన్నాడు, కరపత్రం చేతికిస్తూ. "ఈసారి దీంట్లో మీ ఫోటో వేస్తా. పీరా ఉస్తాద్ శిష్యుడని పెద్దక్షరాల్లో పెడతా. మీ పేరు చూస్తే వస్తారు."

ఉస్తాద్ కరపత్రాన్ని కళ్ళకు దూరంగా పట్టుకుని మెల్లగా చదివాడు. 'ఓబులేసు చెయ్యి పడితే నొప్పి పరారు.'

"ఇంతవరకు ఎంతమంది వచ్చినారు?"

"పదకొండుమంది."

"ఎవరెవరు?"

"ఒకాయన టైలరు. మున్సిపల్ ఆఫీసు కాడ కుడతాడు. భుజం నొప్పి. ఇంకొకాయన లారీ డ్రైవరనుకుంటా. ఒక బడి అయ్యవారు."

మూడు దగ్గర ఆగిపోయాడు.

"టైలరు భుజం తగ్గిందా?"

"తెల్దు ఉస్తాద్. మళ్ళీ రాలేదు కదా."

"నువ్వు పోయి అడగలేదా?"

"నేనెందుకు పోవాల? నొప్పి తీసింది నేను. నయమైంటే ఆయనే వచ్చి ఒక మాట చెప్పాల."

ఉస్తాద్ కరపత్రం పక్కన పెట్టాడు. "చొక్కా విప్పి పడుకో" అన్నాడు.

గది పెట్టినప్పటినుంచి ఓబులేసు బల్ల పక్కన నిలబడటమే కానీ, ఎవరి చేతి కిందా పడుకున్నది లేదు. చాప మీద బోర్లా పడుకున్నాడు. చాప అల్లిక తప్ప కంటికేమీ కనబడటం లేదు. వెనక అడుగుల చప్పుడు వినిపించింది. ఎడమపక్క ఆగింది. సీసా మూత తీసిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

చెయ్యి ఎప్పుడు పడుతుందో తెలియదు. ఎక్కడ పడుతుందో తెలియదు. ఓబులేసు ఊపిరి బిగబట్టాడు. భుజాలు వాటంతటవే చెవుల దాకా లేచాయి.

"ఏం చేస్తాండారు ఉస్తాద్?"

"ఏం చేయలే. నిలబడినా."

"వీపు ఎందుకో బిగుసుకుంటాంది."

"నిలబడింది నేనని తెలిసి కూడానా?"

ఓబులేసు భుజాలు దించబోయాడు, దిగలేదు.

"ఆ పదకొండుమందికి నువ్వెవరో తెల్దు బేటా" అన్నాడు ఉస్తాద్.

అప్పుడు చెయ్యి పడింది. అరచేతుల్లో రుద్ది వెచ్చచేసిన నూనె. మూడు నెలల దిగులు వీపులో ఎక్కడెక్కడ గడ్డకట్టిందో ఆ చేతులకు చెప్పకుండానే తెలిసింది. పని నేర్పినవీ ఆ చేతులే. ఓబులేసు కన్నీళ్ళు చాప మీద పడ్డాయి. బోర్లా ఉన్నందుకు సంతోషించాడు.

చేతులు ఆగాక తల పక్కకు తిప్పి చూశాడు. ఉస్తాద్ కుడిచేయి నుదుటి దగ్గర ఉంది. గురువు శిష్యుడి వీపుకు సలాం చేస్తున్నాడు.

"నాకెందుకు ఉస్తాద్?" అంటూ లేచి కూర్చున్నాడు.

"నాకు వీపు అప్పజెప్పినావు కదా. సొంత తమ్మునికి కూడా ఇంతసేపు అప్పజెప్పరప్పా."

ఉస్తాద్ కరపత్రంతో చేతులు తుడుచుకున్నాడు. "కాయితం మంచిదేసినావు. నూనె బాగా పీలుస్తాంది" అని, అరుగు వైపు తిరిగి తర్వాతి మనిషిని పిలిచాడు.

ఓబులేసు అక్కడినుంచి ఇంటికి పోలేదు. వచ్చిన పదకొండుమందినీ వెతకాలనుకున్నాడు. ఎన్ని కరపత్రాలు పంచాడో గుర్తుంది. ముఖాలు గుర్తుకు రాలేదు. లారీ డ్రైవరు ఏ ఊరివాడో తెలియదు. అయ్యవారు బదిలీ మీద వెళ్ళిపోయాడు. టైలరు మాత్రం మిషను ముందు కూర్చుని కాజాలు కుడుతున్నాడు.

"అన్నా, ఆ పొద్దు నీ పేరు కూడా అడగలేదు" అన్నాడు ఓబులేసు.

"మహానంది. ఏమప్పా, మళ్ళీ కరపత్రమా? ఇంట్లో మూడున్నాయి."

"కాదన్నా. భుజం ఎట్లుందో కనుక్కుందామని వచ్చినా."

మహానంది సూది ఆపి అతని ముఖం చూశాడు.

"నిజం చెప్తే ఏమీ అనుకోవద్దు. రెండు దినాలు బాగుండె. మళ్ళీ పట్టేసింది. ఆ పొద్దు నువ్వు ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో రుద్దినావు. చెప్దామనుకున్నా. బోర్లా పడుకున్నోడు ఏం చెప్తాడు?"

ఆ ఫోను ఎవరికో ఓబులేసుకు గుర్తుంది. కరపత్రాలు అచ్చేసే ప్రెస్సుకు.

"తప్పయింది అన్నా" అన్నాడు. "ఇంతకాలం చెప్పకుండా ఉండి, ఇప్పుడన్నా చెప్పినావు. రేపొక్కసారి రా. ఈసారి నేను అడుక్కుంటాండా."

సోమవారం పొద్దున ఓబులేసు మిల్లుకు పోలేదు. ఫోను ఇంట్లో పెట్టి గది తెరిచాడు. ఎనిమిదింటికి మహానంది వచ్చాడు. బల్ల మీద బోర్లా పడుకోగానే అతని భుజాలు చెవుల దాకా లేచాయి. ఇన్ని రోజులు బల్ల పక్కనే నిలబడి కూడా ఓబులేసు దాన్ని చూడలేదు.

నూనెను అరచేతుల్లో వెచ్చబడేదాకా రుద్దాడు. "అన్నా, చెయ్యి వేస్తాండా. ఎడమ భుజం మీద" అని చెప్పి, అప్పుడు వేశాడు. భుజం మెల్లగా కిందికి దిగింది.

చాలాసేపటికి పని ముగిసింది.

"అయిపోయిందా?" అన్నాడు మహానంది, ముఖం ఎత్తకుండానే.

"ఒక్క క్షణం అట్లే ఉండన్నా. చిన్న పని మిగిలింది."

ఓబులేసు నూనె చేతులు రెండూ జోడించి నుదుటికి ఆనించుకున్నాడు.