పీపాల కొట్టులో రాత్రి

తెల్లవారింది. కొండవాలంతా మంచు, చలి. ఫ్రాన్సు దేశంలో ఆ ద్రాక్షతోటల పల్లెకు దొర మాటే తీర్పు. పీపాల్లో వైను తగ్గిందని, అక్కడ పనిచేసే మర్సెలిన్ మొగుణ్ణీ, ఇద్దరు కొడుకుల్నీ రాత్రి వైను కొట్టులోనే పడేసి తాళం వేయించాడు. పొద్దున్నే ఊళ్లోంచి తరిమేస్తానన్నాడు.

మర్సెలిన్ దొర గుమ్మంలోంచి కదల్లేదు.

"మావాళ్లు దొంగలేనా దొరా?"

"దొంగలే! తాగుబోతు దొంగలు!"

"మరి రాత్రంతా పీపాల మధ్యే ఉంచారేం?"

దొర మొహం పాలిపోయింది. పరుగున వెళ్లి తాళం తీసి, పీపా పీపాలో కొలకర్ర ముంచి చూశాడు. నిన్నటికీ ఇవాళ్టికీ చుక్క తేడా లేదు.

"వీళ్లకి మంచినీళ్లయినా ఇచ్చారా?" వెనకే వచ్చిన మర్సెలిన్ అడిగింది.

"లేదు."

"నాలుక పిడచకట్టినా ముట్టనివాళ్లు, దాహం లేని రోజున తాగుతారా?"

"మరి నా వైను ఏమైందే?"

"నెలల తరబడి పీపా చెక్కే పీల్చుకుంది. వారం వారం తగ్గినంత నింపుతామంటే దుబారా అన్నది తమరేగా!"

ద్రాక్ష కోతకు వచ్చి గుమ్మం దగ్గర చేరినవాళ్లంతా పక్కున నవ్వారు. దొర దారి వదిలాడు.

ఇంటి గుమ్మంలో మర్సెలిన్ ఒక్కొక్కరి భుజం తట్టి లెక్కపెట్టుకుంది. పెద్దాడు. చిన్నాడు. వాళ్ల నాన్న. ముగ్గురూ వచ్చారు. అప్పుడు తలుపేసింది.