పగడాలు బురదలో దిగిన రోజు

ఒకప్పుడు గేదెలు మీగడ రంగులో ఉండేవి. ఒంటి మీద మట్టిచుక్క పడితే చాలు, ఏటికి పోయి కడుక్కుని, నీళ్లలో నీడ చూసుకుని గానీ మేతకు వచ్చేవి కావు.

ఆ గేదెల్లో మరీ సోకులది పగడాలు. కొల్లేటి ఒడ్డున ఉండేది. దారిలో బురదమడుగు కనిపిస్తే చుట్టూ తిరిగి పోయేది. ఆ మడుగులో సింగారి అనే పంది ఎప్పుడూ పడుకుని ఉండేది.

"రా వదినా, చల్లగా ఉంది," అనేది సింగారి.

"నీకూ నాకూ చుట్టరికం ఎప్పుడు కలిసింది?" అని మూతి తిప్పుకునేది పగడాలు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. కొంగల్ని పోగేసి శుభ్రం గురించి పాఠాలు కూడా చెప్పేది. "రోజుకు రెండుసార్లు స్నానం చెయ్యాలి. చెవుల వెనక తోముకోవాలి." కొంగలు బుద్ధిగా తలలూపేవి. అవి వచ్చింది పాఠం కోసం కాదు, ఆవిడ కాళ్ల కింద లేచే మిడతల కోసం. ఆ సంగతి పగడాలుకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆవిడే.

ఆ ఏడు తొలకరికి పగడాలు ఈనింది. దూడకు బుల్లి అని పేరు పెట్టుకుంది. వానతో పాటే దోమలూ జోరీగలూ దిగాయి.

"ఇంత శుభ్రంగా కడిగి ఎవరు వడ్డిస్తారమ్మా," అంది ఒక దోమ, పగడాలు చెవి దగ్గరే.

పగడాలు తోక విసిరింది. తోక పక్కటెముకల దాకానే అందింది. దోమలు మెడ మీదికి జరిగి కూర్చున్నాయి.

దురద పుట్టింది. తాటిచెట్టుకు ఒళ్లు రాసుకుంది. రాసుకున్నంతసేపూ హాయిగా ఉంది. ఆపగానే రెండింతలైంది. మళ్లీ రాసుకుంది. సాయంత్రానికి తోలు లేచిపోయింది. ఆ పుండ్ల మీదికి కొత్త ఈగలు వచ్చాయి. 'నేనే కబురుపెట్టి పిలిపించుకున్నట్టయింది,' అనుకుంది.

పాలు పితికే వెంకాయమ్మ జాలిపడి వావిలాకు పొగ వేసింది. పొగకు దోమలు పోయాయి. పగడాలుకు అది ఎంత నచ్చిందంటే, ఇంకాస్త, ఇంకాస్త దగ్గరికి జరిగి తోక చివర కాల్చుకుంది.

"పొగ పక్కన నిలబడమన్నాను గానీ నిప్పుల మీద కూర్చోమన్నానా?" అంది వెంకాయమ్మ, తోక మీద నీళ్లు పోస్తూ.

పాకలో ఉన్నంతసేపూ పొగ కాపాడింది. కానీ కడుపు నిండాలంటే బయటికి పోవాలి. పొగ వెంట రాదు.

అన్నిటికన్నా బుల్లి పాట్లు చూడలేకపోయింది. రెండు గుక్కలు తాగేలోపు కళ్ల చుట్టూ, ముక్కు మీద ఈగలు ముసిరేవి. తల విదిలించుకుని పొదుగు వదిలేసి పారిపోయేది. నాలుగో రోజుకు దాని కాళ్లు వణికాయి. మడుగు పక్కనే కూలబడిపోయింది.

"అమ్మా, దురద," అంది. పొదుగు వైపు తల కూడా తిప్పలేదు.

పగడాలు మడుగు వైపు చూసింది. సింగారి పది పిల్లలతో నిద్రపోతోంది. ఒక్క పిల్ల మీద కూడా ఒక్క దద్దురు లేదు.

పగడాలు బురద అంచున నిలబడింది. ఇన్నేళ్లూ సింగారిని అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. కొంగలన్నీ వరసగా నిలబడి చూస్తున్నాయి.

"వదినా," అంది చివరికి.

సింగారి ఒక కన్ను తెరిచింది. "ఎవరిని, నన్నేనా?"

"నిన్నే. నా పొగరు నా బిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది. దీంట్లోకి ఎలా దిగాలో చెప్పు."

దెప్పుతుందేమోనని పగడాలు తల దించుకుంది. సింగారి దెప్పలేదు. లేచి, పిల్లల్ని నెట్టి, చోటు చేసింది. "ముంగాళ్లు మడిచి పడిపో. అంత విద్యేం కాదు."

పగడాలు పడింది. ఆ చప్పుడుకు కొంగలన్నీ ఎగిరిపోయాయి. చల్లటి బురద దద్దుర్ల మీదికి పాకింది. నాలుగు రోజుల దురద నాలుగు క్షణాల్లో దిగింది. ఈ మడుగు తప్పించుకోవడానికి ఇన్నేళ్లూ ఎంత దూరం నడిచిందో తలుచుకుంటే తన మీద తనకే నవ్వొచ్చింది.

నవ్వుతూనే మూతితో బురద ఎత్తి బుల్లికి పూసింది. కళ్ల చుట్టూ సింగారి మెల్లగా అద్దింది. బురద ఆరి పెచ్చు కట్టింది. ఒక దోమ వచ్చి వాలింది, పొడిచింది, ముక్కు దిగలేదు.

"ఇది దూడా, గోడా?" అనుకుంటూ పోయింది.

కాసేపటికి బుల్లి లేచింది. పొదుగు అందుకుని, ఒక్కసారి కూడా తల విదిలించకుండా కడుపు నిండా తాగింది.

అది చూసి మిగతా గేదెలూ దిగాయి. వానాకాలమంతా ఎవరూ కడుక్కోలేదు. వానలు వెళ్లాక వెంకాయమ్మ ఎండుగడ్డితో ఎంత తోమినా పగడాలు ఒంటి నలుపు వదల్లేదు.

"పాపం, ఎంత రంగుండేదానివే," అంది వెంకాయమ్మ.

"పోనీలేమ్మా," అంది పగడాలు. "చెవుల వెనక తోమానో లేదో ఇక ఎవరూ కనిపెట్టలేరు."

అప్పటినుంచే గేదెలు నల్లగా ఉన్నాయి. అప్పటినుంచే బురద కనిపిస్తే, వెనక ఎవరెన్ని కేకలేసినా వినిపించుకోకుండా దిగి, ముక్కు ఒక్కటీ పైకి పెట్టి, కళ్లు మూసుకుని పడుకుంటాయి.