తెల్లచీటీ బోనుకి మారిన ఎలుక

ఆ కాలేజీలో జంతువుల గదికి ఏ లోటూ లేదు. ఏసీ ఉంది, వేళకి తిండి ఉంది. ఆయుష్షొక్కటే లేదు. రోజూ పొద్దున్నే అక్కడి ఎలుకలకి కేన్సరు తెప్పించే మందు నూనెలో కలిపి పట్టిస్తారు. బోనుకి ఎర్రచీటీ ఉంటే పెద్ద మోతాదు, పచ్చచీటీ ఉంటే చిన్న మోతాదు, తెల్లచీటీ ఉంటే ఉత్త నూనె. మోతాదుని బట్టి లివరులో ప్రొటీన్లు ఎలా మారాయో లెక్క తేలిస్తే ఈ పరిశోధన చేసే మేడమ్‌గారికి డాక్టరేటు వస్తుంది. ఎలుకలకి ఏమొస్తుందో ఎవరూ అడగలేదు.

ఎర్రచీటీ బోనులోని బుడంకాయ్ అనే ఎలుక పెద్ద జిత్తులమారి. నెల తిరిగేసరికి దానికి తిండి సయించడం మానేసింది, పొట్ట బరువెక్కింది. ఇక్కడే ఉంటే చావు ఖాయమని అర్థమైపోయింది. పక్కనే తెల్లచీటీ బోనులో మీసాలప్ప అనే ఎలుక నిక్షేపంగా తింటోంది.

"నిన్ను చూస్తే జాలేస్తోంది బావా," అంది బుడంకాయ్.

"నాకేమైందిరా?"

"ఏమీ కాలేదనేగా జాలి! మొన్న నా తోకలోంచి రక్తం తీశారా? అందులో లివరు ప్రొటీను మూడింతలు పెరిగిందట. మేడమ్ ఎగిరి గంతేసింది. మరి నీ పేరు పక్కన? మార్పు లేదు. వారం వారం అదే ముక్క!"

మీసాలప్పకి మొహం మాడిపోయింది. "మూడింతలే!"

మూలనున్న ముసలి గినీపంది ఉండబట్టలేకపోయింది. "ఒరే, ఇంట్లో దొంగలు పడితే కేకలు ఎక్కువే వినిపిస్తాయి. పెళ్లి సందడనుకుంటామట్రా?"

"నీకు సైన్సు తెలీదు, ఊరుకో పెద్దమ్మా!" అని కసిరింది మీసాలప్ప. "ఒరే బుడంకాయ్, ఆ బోను నాకిస్తావా?"

"నీకోసం ఆమాత్రం త్యాగం చెయ్యలేనా బావా!"

శనివారం అటెండరు సింహాచలం బోనుల్లో పరిచే పొట్టు మార్చడానికి వచ్చాడు. ఎలుకల్ని వేరువేరు తొట్టెల్లో ఉంచి, చెవి గుర్తు చూసి తిరిగి వెయ్యాలని రూలు. ఆయన ఫోనులో బావమరిదితో స్థలం తగువులో ఉన్నాడు. రెండిటినీ ఒకే తొట్టెలో పడేశాడు. ముందుకు దూకి చేతికందిన బుడంకాయ్‌ని తెల్లచీటీ బోనులోకి, మిగిలినదాన్ని ఎర్రచీటీ బోనులోకి తోసేశాడు. ఎలుకలన్నీ తెల్లగానే ఉంటాయి కదా, ఆయన తప్పేముంది!

బుడంకాయ్ ఆ రెండురోజులూ రాజాలా గడిపింది. సోమవారం మేడమ్ గ్లౌజులు తొడుక్కుంటూ వచ్చింది.

"సింహాచలంగారూ, ఇవాళ తెల్లచీటీ ఎలుకని కోద్దాం. తియ్యండి."

బుడంకాయ్ గినీపంది వైపు మూలకి పరిగెత్తింది. "పెద్దమ్మా! ఈ బోనుకి మందే లేదుగా, నన్నెందుకు కోస్తారు?"

"మందు తాగని లివరు ఎలా ఉంటుందో చూడకపోతే, తాగింది ఎంత చెడిందో ఎలా తెలుస్తుందిరా? ఎర్రచీటీ వాళ్లకింకా మూడునెలలు గడువుంది. నన్నో మాట అడిగి మారాల్సింది."

మేడమ్ ఆ లివరు చూసి తెల్లబోయింది. ఉత్త నూనె తాగిన ఎలుకకీ ప్రొటీన్లన్నీ తారుమారే! వారం ఆలోచించి, మందుకీ నూనెకీ తేడా లేదు కాబట్టి ఆ మందువల్ల లివరుకి ప్రత్యేకంగా నష్టమేమీ లేదని రాసేసింది. డాక్టరేటు ఇచ్చే సభలో చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఎర్రచీటీ బోనులో మీసాలప్పకి తిండి సయించలేదు.

నీతి: కత్తి పట్టినవాడి లెక్క తెలుసుకోకుండా బోను మారి లాభం లేదు.