ట్యాపెట్ల సందు

జిలానీ ఉస్తాద్‌కు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "టీ తాగొద్దాం రా" అని లేచేవారు. మదనపల్లెలో ఆయన దగ్గర ఇంజన్ పని నేర్చుకుని సొంతంగా షెడ్లు పెట్టుకున్నవాళ్లందరికీ ఆ టీ సంగతి తెలుసు.

వాళ్లలో ఓబులేసు ఒకడు. తమ్ముడు గంగాద్రితో కలిసి షెడ్డు నడుపుతున్నాడు. ఒకనాడు పొద్దున అతను ఒక పాత జీపు తోలుకుని ఉస్తాద్ ఇంటికి వచ్చాడు. ఇంజన్ అంతా విప్పి, అరిగినవన్నీ మార్చి, కొత్తగా కట్టిన జీపు అది. పశువుల డాక్టరమ్మ నిర్మలగారిది. కొండమీది పల్లెల్లో గొర్రెలకు రోగం తగిలింది. మర్నాడు తెల్లవారగానే ఆమె టీకాలు తీసుకుని అక్కడికి వెళ్లాలి.

ఓబులేసు ఇంజన్ ఆపకుండానే బానెట్ ఎత్తాడు. "వినండి ఉస్తాద్. మొన్నటిదాకా టిక్కు టిక్కుమని ఒకటే గోల. ట్యాపెట్లు సరిచేసినా. ఇప్పుడు చప్పుడే లేదు."

ఉస్తాద్ వంగి విన్నారు. నిజంగానే చప్పుడు లేదు.

"మా షెడ్డు కూడా ఇప్పుడు ఇట్లే ఉండాది" అన్నాడు ఓబులేసు. "గంగాద్రి సంగతి మీకు తెలుసు గదా. ఏ పని మొదలుపెట్టినా అడ్డు మాటే. పోయిన వారం గట్టిగా చెప్పినా, నా పనిలో నోరు పెట్టొద్దని. అప్పటినుంచి ఒక్క మాట లేదు. హాయిగా ఉండాది. ఈ పని నేను ఎప్పుడో చేసుండాల్సింది, కాదా ఉస్తాద్?"

"కొండమీద టీ బాగుంటుంది" అన్నారు ఉస్తాద్, జీపు ఎక్కుతూ.

ఊరు దాటేదాకా బండి వెన్నలాగా పోయింది. ఘాట్ ఎక్కడం మొదలుపెట్టి, ఇంజన్ బాగా వేడెక్కాక, లాగడం తగ్గింది. ఓబులేసు గేరు దించాడు. సైలెన్సర్ లోంచి టప్పు టప్పుమని వినిపించింది. ఒక మలుపు దగ్గర జీపు ఒళ్లంతా వణికి ఆగిపోయింది. అతను గబగబా దిగి చక్రాల కింద రాళ్లు పెట్టాడు.

పెట్రోల్ అందడం లేదేమో అనుకున్నాడు. చూశాడు, అందుతోంది. ప్లగ్గులు విప్పి చూశాడు, నిప్పు పడుతోంది. వాటిని మళ్లీ పెట్టి, ముఖం తుడుచుకుని ఉస్తాద్ వైపు చూశాడు. ఆయన పిట్టగోడ మీద కూర్చుని లోయలోకి చూస్తున్నారు.

"హ్యాండిల్ వేసి చేత్తో తిప్పు" అన్నారు, ఇటు తిరగకుండానే.

ఓబులేసు తిప్పాడు. బాగున్న ఇంజన్ ప్రతి సిలిండరు దగ్గరా చేతిని ఎదిరిస్తుంది. ఇది రెండు చోట్ల ఇట్టే జారిపోయింది. లోపల గాలి నిలవడం లేదు. అతని చేయి ఆగింది. వాల్వులు మూసుకోవడం లేదని అర్థమైంది. చప్పుడు పోవాలని అతను, వాల్వులను నెట్టి తెరిచే ట్యాపెట్లకూ ఆ వాల్వులకూ మధ్య ఉండాల్సిన సన్నటి సందు లేకుండా బిగించేశాడు. చల్లగా ఉన్నంతసేపు అది చెల్లింది. వేడికి ఇనుము సాగేసరికి, సాగడానికి చోటు లేక, వాల్వులు తెరుచుకుని ఉండిపోయాయి. అట్లాగే తోలితే కాలిపోతాయి.

"రేపు డాక్టరమ్మ ఒక్కతే వచ్చుంటే..." అని, మిగతా మాట మింగేశాడు.

ఉస్తాద్ అప్పుడు ఇటు తిరిగారు. "నువ్వు బిగించేటప్పుడు గంగాద్రి ఎక్కడున్నాడు?"

"పక్కనే ఉస్తాద్."

"ఏమన్నాడు?"

ఓబులేసు హ్యాండిల్ ఊడదీశాడు. "నోరు తెరిచినాడు. మళ్లీ మూసుకున్నాడు. స్పానర్లు తుడుచుకుంటా అట్ల పోయినాడు."

ఉస్తాద్ జేబులోంచి ఫోన్ తీసి ఇచ్చారు.

గంగాద్రి మోటారుసైకిల్ మీద వచ్చేసరికి ఇంజన్ చల్లబడింది. సందు కొలిచే ఫీలర్ గేజ్ తెచ్చాడు. ఉస్తాద్‌కు సలాం చేసి, అన్న అడిగిన సామాను ఒక్కొక్కటే అందిస్తూ మౌనంగా నిలబడ్డాడు. ఓబులేసు మొదటి ట్యాపెట్ వదులుచేసి, సందులో గేజ్ రేకు దూర్చి, ఆగాడు.

"ఎంత పెడదాంరా?"

"నా మాట ఎందుకులే అన్నా."

"నీ మాట లేకనే ఇక్కడ నిలబడిపోయినా. చెప్పు."

గంగాద్రి అన్న ముఖంలోకి చూశాడు. తర్వాత కట్ట తెగినట్టు మొదలుపెట్టాడు. ఆ రేకు మందం సందు చాలదన్నాడు. కొత్తగా రుద్దిన వాల్వులు ఇంకాస్త లోపలికి కూర్చుంటాయి, అప్పుడు ఈ సందు కూడా తగ్గుతుందన్నాడు. హెడ్ బోల్టులు రెండోసారి బిగించకుండా ట్యాపెట్లు ఎవరైనా ముట్టుకుంటారా అన్నాడు. ఓబులేసు ఒకదానికి ఎదురు చెప్పాడు, రెండింటికి తల ఊపాడు. ఇద్దరి తలలూ ఇంజన్ మీదికి వంగాయి. మసి చేతులతో ఒకరి చేతిలోది ఒకరు లాక్కుంటూ బోల్టులు బిగించారు, ఎనిమిది ట్యాపెట్లూ సరిచేశారు.

జీపు మొదటి తిప్పుకే అందుకుంది. టిక్కు టిక్కుమని సన్నగా చప్పుడు చేస్తూ, ఈసారి గంగాద్రి తోలుతుంటే, మిగిలిన ఘాట్ అంతా ఒక్క గేరులో ఎక్కేసింది.

పైన టీ అంగడి ముందు ఇంజన్ తిరుగుతూనే ఉంది. టీ చల్లారిపోతున్నా అన్నదమ్ములు బానెట్ దగ్గరే నిలబడి వాదించుకుంటున్నారు. మూడో ట్యాపెట్ కాస్త ఎక్కువ మోగుతోందని ఓబులేసు, అది అంతే ఉండాలని గంగాద్రి. చివరికి ఓబులేసుకు సిగ్గేసింది.

"ఏమనుకోవద్దండి ఉస్తాద్. మీ చెవులకు ఈ గోల..."

జిలానీ ఉస్తాద్ కళ్లు మూసుకుని టీ తాగుతున్నారు. గ్లాసు కింద పెట్టి, కళ్లు తెరవకుండానే అన్నారు:

"బాగుంది. ఇంక బిగించకు."